ద్రాక్షాకు పళ్ళెం

ఛందస్సు, వ్యాకరణం, పాత కావ్యాలు విడిచి ఈ పంతులు కంచాల మీద పడ్డాడేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, అభ్యంతరం లేదు. చాలాకాలంగా మనసులో మెదులుతున్న సంగతి ఇది. ఇప్పటికి వ్రాయడానికి కుదిరింది.

మా ఇంట్లో ఒక పళ్ళెం ఉంది. జానెడు వెడల్పు. మధ్యలో ద్రాక్షాకు, దాని ఈనెలన్నీ ఉబ్బెత్తుగా వేలికి తగులుతాయి. ఈనెల మధ్య పల్లంలో ఆకుపచ్చ చిక్కబడి దాదాపు నల్లగా కనిపిస్తుంది. మిట్టల మీద పలచబడి పసుపుపచ్చగా మెరుస్తుంది. అంచున ఒకచోట వేలిగోరంత పెచ్చు లేచిపోయి లోపలి తెల్లమన్ను బయటపడింది. మా తాతగారు ఇల్లెందు బొగ్గుగనుల్లో గుమాస్తాగా పనిచేసేవారు. గనుల్లో ఉద్యోగం చేసిన ఒక దొర స్వదేశానికి వెళ్ళిపోతూ సామాను వేలం వేయించాడట. జతలో మిగిలినవి పగిలిపోయి ఒంటరిగా మిగిలిన ఈ పళ్ళేన్ని ఎవరూ పాడకపోతే, ఊరికే తీసుకుపొమ్మని మా తాతగారి చేతిలో పెట్టాడట. ఇది ఇంట్లో చెప్పుకున్న మాట, కాగితం మీద ఆధారమేదీ లేదు. గనుల సంగతికి మాత్రం ఆధారాలున్నాయి. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు సంపాదించింది, 1889లో తవ్వకం మొదలయింది. 1920లో అదే సింగరేణి కాలరీస్ అయింది. దొరలు, దొరసానులు, వాళ్ళ బల్లలు, బల్లల మీది పింగాణీ, అన్నీ బొగ్గు వెంట మా అడవి అంచుకు వచ్చినవే.

పళ్ళెం మాత్రం మా ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. మాది మడీ ఆచారమూ గల ఇల్లు. పింగాణీ మడికి పనికిరాదని మా నాయనమ్మ శాసనం. కంచు, ఇత్తడి, వెండి తోమితే శుద్ధి అవుతాయి, పింగాణీకి శుద్ధి లేదు. అలా అంటూనే ఆవకాయ మాత్రం జాడీలోనే పెట్టేది! జాడీ పింగాణీ కాదా అని చిన్నప్పుడు అడిగి మొట్టికాయ తిన్నాను. ఆ ప్రశ్నకు సరైన జవాబు నాకు అరవై దాటాక దొరికింది. అది చెప్పడానికే ఈ టపా. కానీ కొంచెం చుట్టు తిరిగి రావాలి.

ముందు మాటల సంగతి, పండితుడి చాపల్యం ఎలాగూ పోదు కదా. మన పింగాణీకి పారశీకంలోని పింగాన్‌తో చుట్టరికం కనిపిస్తుంది. పింగాన్ అంటే గిన్నె. అదే అరబ్బులోకి వెళ్ళి ఫింజాన్ అయి కాఫీ గిన్నెగా స్థిరపడింది. మనం పింగాణీ అనే ఒక్క మాటతో మూడు నాలుగు వేరువేరు జాతుల పాత్రల్ని పిలుస్తాం. ఐరోపావారికి అవి వేరు. చీనావాడి అసలు పింగాణీ తెల్లటి కయోలిన్ మట్టితో చేసింది. తీవ్రమైన వేడిలో కాలి, మన్నూ గాజూ ఏకమై, వెలుతురుకు అడ్డం పెడితే లోపలినుంచి కాంతి కనిపిస్తుంది. రెండోది మామూలు మట్టిపాత్ర మీద తగరం కలిపిన తెల్లని పూత పూసి, దానిపై బొమ్మలు వేసింది. మజోర్కా ద్వీపం మీదుగా ఇటలీకి చేరిందని దీనికి మయోలికా అని పేరు. ఇటలీలోని ఫయెంజా ఊరి పేరుమీద ఫ్రెంచివారు దీన్నే ఫయాన్స్ అన్నారు. మూడోది పందొమ్మిదో శతాబ్దపు మజోలికా. మట్టిలో ఉబ్బెత్తు బొమ్మ అచ్చుపోసి, దానిమీద రంగుల సీసపు పూత పూసింది. పేరు ఒకటే, పనితనం వేరు. ఫ్రెంచివారు మూడోదాన్ని బార్బొటీన్ అని కూడా అంటారు. మా పళ్ళెం ఈ మూడో జాతిది.

చేసే విధానం మన కుమ్మరికి అంత కొత్తదేమీ కాదు. మెత్తని మట్టిని ప్లాస్టర్ అచ్చులో ఒత్తుతారు. ఆరాక ఒకసారి కాలుస్తారు. రాగి, ఇనుము, కోబాల్టు, మాంగనీసు వంటివి కలిపి ఆకుపచ్చ, తేనెరంగు, నీలం, ఊదా రంగుల సీసపు పూతలు తయారుచేసి పూసి, రెండోసారి తక్కువ వేడిలో కాలుస్తారు. ఆ వేడికి పూత తేనెలా కరిగి పల్లంలోకి జారుతుంది. అందుకే ఈనెల పక్కన రంగు చిక్కబడుతుంది. చిత్రకారుడు నీడ వేయనక్కరలేదు, నిప్పే వేస్తుంది.

ఈ విద్యకు ఫ్రాన్సులో ఒక ఆదిపురుషుడున్నాడు. ఆయన పేరు బెర్నార్ పాలిస్సీ. సుమారు 1510లో పుట్టి, సాంత్ అనే ఊళ్ళో కాపురం పెట్టి, గాజు మీద బొమ్మలు వేసుకుంటూ, భూములు కొలుచుకుంటూ బతికేవాడు. ఒకనాడు తెల్లని పూత పూసిన ఒక మట్టిగిన్నె చూశాడు. అంతే, ఆ పూత రహస్యం కనిపెట్టాలని పిచ్చి పట్టింది. పదిహేను పదహారేళ్ళు మట్టిలో, పొగలో గడిపాడు. ఒక కాల్పులో కట్టెలు చాలకపోతే తోటలోని పందిరి గుంజలు పీకి ఆవంలో వేశాడు. అవీ చాలకపోతే ఇంట్లోని బల్లలు, నేలకు పరిచిన చెక్కలు. ఈ సంగతులు ఆయనే 1580లో అచ్చయిన తన పుస్తకంలో వ్రాసుకున్నాడు. పట్టుదలకు ఉదాహరణగా పెద్దలు ఈ కథ చెబుతారు, నేనూ తరగతిలో చాలాసార్లు చెప్పాను. ఒకసారి ఒక ఆడపిల్ల లేచి, "మరి వాళ్ళావిడ ఎక్కడ కూచుంది సార్?" అని అడిగింది. జవాబు చెప్పలేక గంట కోసం చూశాను.

చివరికి ఆయన సాధించింది తెల్లపూత కాదు, రంగుల సీసపు పూత. పెద్ద పళ్ళేలలో పాము, బల్లి, కప్ప, చేప, నత్తగుల్ల, ఫెర్న్ ఆకు, అన్నీ నిజమైన ప్రాణుల మీద అచ్చుతీసి పోసినవి. రాణి కాతరీన్ ద మెదిచి ఆదరించి, పారిస్‌లో తన తోటకు కృత్రిమ గుహ కట్టే పని అప్పగించింది. రాళ్ళలో దొరికే గవ్వలు ఒకప్పుడు బతికిన ప్రాణులవేనని ఆ కాలంలో వాదించినవాడు కూడా ఆయనే. ఇన్ని ఉన్నా ప్రొటెస్టెంటు మతం విడవనందుకు ముసలితనంలో బాస్తీ చెరలో పడి, 1589 ప్రాంతంలో అక్కడే కన్నుమూశాడు.

ఆ తరువాత దాదాపు రెండున్నర శతాబ్దాలకు, 1840లలో, తూర్ పట్టణంలో అవిసో అనే కుమ్మరి పాలిస్సీ పద్ధతిని మళ్ళీ పట్టుకున్నాడు. ఇంతలో లెయాన్ ఆర్నూ అనే మరో ఫ్రెంచివాడు ఇంగ్లండు వెళ్ళి మింటన్ కార్ఖానాలో చేరి రంగుల సీసపు పూతలు సిద్ధం చేశాడు. 1851 లండన్ మహాప్రదర్శనలో మింటన్ మజోలికాకు పేరు వచ్చింది. ఇక ఫ్రాన్సులో సార్గమీన్, ష్వాజీ-ల-ర్వా, లూనెవీల్ కార్ఖానాలు, దక్షిణాన వల్లోరిస్‌లో మాస్యే కుటుంబం, అందరూ దిగారు. కాబేజీ ఆకు గిన్నెలు, కోడిపుంజు కూజాలు, గుల్లచేప తినడానికి గుల్ల ఆకారపు గుంటలున్న పళ్ళేలు, శతావరి మొలకలు తినడానికి మొలకల బొమ్మే పోసిన పళ్ళేలు! తినబోయే వస్తువు బొమ్మ తినే పళ్ళెం మీదే ఉండాలన్న సరదా నాకు ఇప్పటికీ పూర్తిగా బోధపడలేదు. గోంగూర కోసం గోంగూర ఆకు కంచం ఊహించండి. అయితే ఇది రాజుల సరుకు కాదు, అప్పుడప్పుడే నాలుగు డబ్బులు చూసిన మధ్యతరగతి సరుకు. రాజులది సేవ్ర్ పింగాణీ. 1788లో టిప్పు సుల్తాన్ రాయబారులు వెర్సాయ్ వెళితే పదహారో లూయీ కానుకగా ఇచ్చినది సేవ్ర్ పింగాణీయే.

సేవ్ర్ పింగాణీని మన దగ్గర చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియమే. విహారయాత్రల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికి అనేకసార్లు వెళ్ళాను. పిల్లలు గంటకొట్టే గడియారం దగ్గర గుమిగూడతారు, పెద్దలు మేలిముసుగు రెబెక్కా దగ్గర. పింగాణీ గదుల్లో ఎవరూ ఉండరు. సేవ్ర్, డ్రెస్డెన్, వెడ్జ్‌వుడ్ పాత్రలన్నీ అద్దాల వెనక నిశ్శబ్దంగా కూర్చుని ఉంటాయి. వాటిని సేకరించిన మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, 1889లో పుట్టారు. అంటే ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైన సంవత్సరమే. 1912లో నిజాముకు ప్రధానమంత్రి అయి, 1914లోనే ఆ పదవి వదులుకుని, తక్కిన ముప్పై అయిదేళ్ళూ వస్తువులు కొంటూ గడిపారు. పెళ్ళి చేసుకోలేదు. దేశదేశాల వర్తకులు ఆయన దివాన్ దేవిడీకి వచ్చేవారు. 1949లో వారసులు లేకుండా మరణించాక, ఆ రాశిని సర్ది పెట్టడానికి జేమ్స్ కజిన్స్‌ను పిలిపించారు. 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతులమీదుగా దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టం చేసింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది.

ఒక్క మనిషి ఇంత ఎలా కొన్నాడు? కోస్గి, కొప్పళ, యలబుర్గ, అజంతా వంటి చోట్ల ఆయన వంశానికి జాగీర్లుండేవి. వాటి శిస్తు వచ్చేది. ఆ రైతు ఏ కుండలో తిన్నాడో ఏ మ్యూజియంలోనూ కనిపించదు. ఈ మాట నిష్ఠూరంగా అనడం లేదు. ఆయన కొనకపోతే అవి మనం చూసేవాళ్ళమే కాదు. పైగా మా ఇంటి పళ్ళెం సంగతి చెప్పాక, జాగీర్దారును ఎత్తిపొడిచే అర్హత నాకు ఎంతుందో మీరే చూస్తారు.

పళ్ళెం అసలేమిటో తెలుసుకోవాలని ఉద్యోగ విరమణ తరువాత బుద్ధి పుట్టింది. వెనక్కి తిప్పితే అడుగున ఏవో గుంట అక్షరాలు, పూత నిండిపోయి చదవరానివి. పలచని కాగితం వేసి పెన్సిలుతో మెల్లగా రుద్దాను, శాసనాలకు అచ్చు తీసినట్లు. సార్గమీన్ అని తేలింది. దాని పక్కన మూడు చిన్న మచ్చలు. చిన్నప్పుడు పురుగు కొరికిందనుకునేవాణ్ణి. ఆవంలో పళ్ళేలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యన పెట్టే ముక్కాలి తాలూకు మచ్చలవి. పాత సరుకుకు అదొక ఆనవాలు.

సార్గమీన్ కార్ఖానా 1790లో మొదలయింది. లొరేన్ ప్రాంతంలో, జర్మనీ సరిహద్దులో ఉండేది. 1871లో యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోయాక ఆ ఊరు జర్మనీకి పోయింది. అప్పుడు యజమానులు ఫ్రాన్సు గడ్డమీద దిగ్వాన్‌లో ఒకటి, ఆ తరువాత విత్రీలో ఒకటి కొత్త కార్ఖానాలు పెట్టుకున్నారు, సుంకాలు తప్పించుకోవడానికి. 1918 తరువాత ఊరు మళ్ళీ ఫ్రాన్సులో కలిసింది. మరి ఆ మధ్యకాలంలో చేసిన పళ్ళెం ఫ్రెంచిదా, జర్మనుదా? సేకరణకర్తలు దీన్ని గురించి వాదులాడుకుంటారు. పాత్రమీద దేశం పేరు ఉంటే 1891 తరువాత అమెరికాకు ఎగుమతి చేసినదని, అక్కడి సుంకాల చట్టం అలా కోరిందని లెక్క కడతారు. మా పళ్ళెం మీద ఊరి పేరే తప్ప దేశం పేరు లేదు. మాకు ఇది వింతగా తోచదు. భద్రాచలం 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువారికి పోయింది. కొంతకాలం మధ్యపరగణాలలో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారింది. 1959లో మా ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పట్టణం తెలంగాణలో ఉండిపోయి, చుట్టుపక్కల మండలాలు ఆంధ్రలోకి వెళ్ళాయి. ఇన్ని మార్పుల్లోనూ కుమ్మరి ఉన్నచోటే కూర్చుని కుండ చేశాడు. సార్గమీన్‌లోనూ అంతే అయి ఉంటుంది.

ఈ ఉత్సాహంలో ఒక పొరపాటు కూడా చేశాను. నగరంలో పాత సామాను అమ్మే ఒక అంగడిలో శతావరి పళ్ళెం కనబడితే, నూరేళ్ళ నాటి ఫ్రెంచి సరుకని అతను చెప్పిన మాట నమ్మి రెండువేలకు కొన్నాను. ఇంటికి తెచ్చి మా పళ్ళెం పక్కన పెట్టగానే తెలిసిపోయింది. చేతికి బరువు. బొమ్మ అంచులు మొద్దు. అడుగున మట్టి గరుకుగా బయటపడిన వలయం. పైన మురికి అనుకున్నది టీ డికాక్షను! మా ఇంటావిడ దాన్ని ఉల్లిపాయలకు వాడుతోంది.

ఆ చదువులోనే అసలు విషయం తెలిసింది. ఈ పాత్రల పూతలో ప్రధానం సీసం. ఆ పూత కలిపేవారికి, ముంచేవారికి సీసపు విషం ఎక్కేది. చేతులు పడిపోవడం, కడుపునొప్పి, స్త్రీలకు గర్భస్రావాలు. ఇంగ్లండులో దీనిమీద పెద్ద అలజడి రేగి, 1890ల చివర ప్రభుత్వం విచారణ జరిపించింది. మోజు తగ్గడం, ఈ భయం రెండూ కలిసి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మజోలికా వెనకబడింది. ఇక తినేవాడి సంగతి. పులుపు తగిలితే పాతకాలపు సీసపు పూతలోంచి సీసం కొద్దికొద్దిగా తిండిలోకి దిగుతుంది. చింతపండు, నిమ్మరసం, మజ్జిగ, ఊరగాయ ఏదైనా సరే. పూత పగుళ్ళిచ్చి ఉంటే మరీను. అందుకే ఈ పళ్ళేలను గోడకు తగిలించుకోవాలి గాని వాటిలో తినరాదు. జాడీ వేరు. జాడీ బాగా ఎక్కువ వేడిలో రాయిలా కాలిన గట్టిమట్టి. మండే ఆవంలో ఉప్పు చల్లి గాని, సీసం లేని రాతిపొడితో గాని దానికి మెరుగు వస్తుంది. పులుపు దాన్ని ఏమీ చేయలేదు. ఆవకాయ జాడీలో పెట్టవచ్చు, ద్రాక్షాకు పళ్ళెంలో పెట్టరాదు. మా నాయనమ్మ చేసిన ఆ రెండు తీర్మానాలూ ఒప్పే.

కానీ ఆ పళ్ళెం ఊరికే లేదు. గొడ్ల చావడి చూరులో ఉండేది. మా పాలేరు కోసం.

ఆయన చర్ల వైపు నుంచి వచ్చిన కోయమనిషి. మా నాన్నగారి కంటే పెద్ద. పిల్లలం మేము కూడా పేరుపెట్టి, ఏకవచనంలోనే పిలిచేవాళ్ళం. 'ఆయన' అని ఇప్పుడు వ్రాస్తున్నాను. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం పులుసూ మజ్జిగా, ఎండాకాలం ఆవకాయ. నాయనమ్మ చావడి దగ్గరికి తెచ్చి ఎత్తునుంచి వడ్డించేది. మా కంచాలు ఆయన ముట్టుకోకూడదు కనుక, మేము ముట్టుకోకూడని పళ్ళెం ఆయనకు కేటాయించారు. పాతికేళ్ళు.

ఇది చదివి తెలుసుకున్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆ పళ్ళెంలో పోసిన పులుసు కళ్ళముందు కదిలింది. ఆయన పోయి నలభై ఏళ్ళయింది, బాగా ముసలివయసులోనే పోయాడు. అయినా నేను బడిలో పాలిస్సీ పట్టుదల గురించి ఉపన్యాసాలిస్తూ వచ్చాను గాని, ఆ పళ్ళెం చావడిలో ఎందుకుందని మా ఇంట్లో ఒక్కసారీ అడగలేదు. జాడీ సంగతి అడిగాను, దీని సంగతి అడగలేదు.

తరువాత మెల్లగా ఒక విషయం జ్ఞాపకం వచ్చింది. మా అన్నయ్యను అడిగితే ఆయనా అవునన్నాడు. చావడి వెనక టేకుచెట్టు ఉండేది. పెద్దాయన తినేముందు ఒక లేత టేకాకు కోసి, కడిగి, పళ్ళెం మీద పరిచి దానిమీదే వడ్డించుకునేవాడు. టేకాకు ఆ పళ్ళేన్ని పూర్తిగా కప్పేసేది. ఎందుకని మా అన్నయ్య ఒకసారి అడిగాడట. "ఆకైతే తిని పారేస్త. దీన్నయితే మళ్ళ కడిగి చూర్ల పెట్టాలె గద," అన్నాడట. వేరే కారణం ఏమైనా ఉన్నా మాకు చెప్పవలసిన అవసరం ఆయనకు లేదు.

మొన్న ఒక వ్యాపారి వచ్చాడు, ఈ పళ్ళెం గురించి ఎవరో చెబితే. భూతద్దం పెట్టి పైనంతా పరీక్షించాడు. దొరల ఇళ్ళలో వాడిన పళ్ళేల మీద కత్తి గీతలు ఉంటాయట, అవి ఉంటే ధర తగ్గుతుంది. దీనిమీద ఒక్క గీత లేదు. "అంచు పెచ్చు లేచింది గానీ పంతులుగారూ, ఇది అసలు ఎవరూ తినని పళ్ళెం. అద్దాల బీరువాలో దాచినట్టున్నారు," అని సంబరంగా అన్నాడు. ధర కూడా బాగానే చెప్పాడు.

అమ్మలేదు. పెద్దాయన మనవడు ఇప్పుడు భద్రాచలంలో ఉద్యోగం చేస్తున్నారు. పండుగకు కలిసినప్పుడు పళ్ళెం ఆయన ముందు పెట్టి కథంతా చెప్పాను, సీసం సంగతి కూడా దాచకుండా. చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. అంచున పెచ్చు దగ్గర వేలు పెట్టి, "ఇది మా తాత చేతిలో జారిపడ్డదే కదండీ? అప్పుడు మీ నాయనమ్మగారు చాలా తిట్టారట. మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు," అన్నారు.

పెచ్చు ఎలా లేచిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. వారి ఇంట్లో తెలుసు.

తీసుకువెళ్ళమన్నాను. ఇంట్లో మాట్లాడి చెబుతానన్నారు. అంతవరకు పళ్ళెం నా బల్ల మీదే, పెన్సిలు అచ్చు తీసిన కాగితంతో సహా ఉంటుంది.